మైటర్ అనే మాట ఎదురైతే: ఏ అర్థమో తేల్చుకోవడం, తెలుగులో రాయడం

ఎకో రిపోర్టులో మైట్రల్ వాల్వ్. హార్డ్‌వేర్ షాపులో మైటర్ సా అనే రంపం. పాత ఇంగ్లీషు బైబిల్లో ప్రధాన యాజకుడి తలమీద మైటర్. వాటికన్ వార్తలో పోపు గారి మైటర్. మాట ఒక్కటే, వస్తువులు నాలుగు. నిఘంటువు తెరిచి, మొదట కనిపించిన ‘బిషప్పు కిరీటం’ అన్న అర్థాన్ని అన్నిచోట్లా అతికిస్తే అది ఒక్కచోటే నిలుస్తుంది, అక్కడా పూర్తిగా కాదు. అనువాదకులు, విలేకరులు, చర్చి పత్రికలకు రాసేవాళ్లు, పిల్లలకు పాఠం చెప్పేవాళ్లు ఈ మాటతో ఎలా పనిచేయాలో చెబుతున్నాం.

మొదటి పని: మాటను పక్కన పెట్టి, వాక్యంలో ఉన్న వస్తువును చూడాలి. పక్కన దండం, ఉంగరం, పూజ, అభిషేకం ఉంటే అది బిషప్పు తలమీది మైటర్. ఏఫోదు అనే యాజక వస్త్రం, పతకం, బైబిలు ప్రధాన యాజకుడు అహరోను ఉంటే అది పాగా. రంపం, ఫ్రేము, డిగ్రీలు ఉంటే అది ఏటవాలు కోత. కర్ణిక, జఠరిక ఉంటే గుండె కవాటం. కవచం, బాణం, గ్రీకు కవి హోమర్ ఉంటే నడుముకు కట్టుకునే పట్టా. హ్యాకింగ్ వార్త అయితే అది అమెరికా సంస్థ పేరు, దాన్ని అనువదించకూడదు. ఈ ఒక్క అడుగు తిన్నగా వేస్తే సగం తప్పులు ముందే ఆగిపోతాయి.

స్పెల్లింగు గురించి ఒక్క మాట. బ్రిటన్‌లో, అమెరికాలో చివరి రెండు అక్షరాలను అటూ ఇటూ మార్చి రాస్తారు (mitre, miter). అర్థం మారదు. పలకడం రెండుచోట్లా మైటర్ అనే, అందుకే తెలుగులో ‘మిట్రే’ అని రాయకూడదు.

తలమీది మైటర్

దీన్ని బొమ్మలో చూసి అర్థం చేసుకోవడం కంటే కాగితంతో ఒకటి చేసి చూడటం మేలు. డిసెంబరు 6న సెయింట్ నికొలస్ పండగకో, క్రిస్మస్ నాటకానికో ఎలాగూ పనికొస్తుంది. కావలసినవి చార్టు కాగితం, కత్తెర, టేపు, స్కేలు.

తల చుట్టుకొలత నుదుటి మీదుగా తీసుకోండి. అది 56 సెంటీమీటర్లు అనుకుందాం. వదులు కోసం 1 సెంటీమీటరు కలిపితే 57, అందులో సగం 28.5. టేపు అతికించే అంచుకు రెండువైపులా ఒక్కో సెంటీమీటరు కలపండి, ముక్క వెడల్పు 30.5. ఇలాంటివి రెండు ముక్కలు కావాలి. పక్క అంచులు 14 సెంటీమీటర్ల ఎత్తు వరకు నిలువుగా పోవాలి. అక్కడినుంచి రెండువైపులా వాలుగా పైకి గీసి, మధ్యలో 30 సెంటీమీటర్ల ఎత్తున కొనగా కలపండి. చూడటానికి పెంకుటింటి గోడలా ఉంటుంది. రెండు ముక్కలనూ ఒకదానిమీద ఒకటి పెట్టి పక్క అంచులను 14 సెంటీమీటర్ల వరకే అతికించండి. పైకి ఒక్క సెంటీమీటరు కూడా పోవద్దు. వాలు అంచులను కూడా అతికిస్తే అది మూసిన కవరు అవుతుంది, తల దూర్చగానే నలిగి చిరుగుతుంది.

ఇప్పుడు తల పెట్టుకుంటే ముందు ఒక కొన, వెనక ఒక కొన, మధ్యలో పైన లోయలాంటి చీలిక. ఆ కొనలను లాటిన్‌లో ‘కొమ్ములు’ అంటారు. అసలు మైటర్‌లో ఆ చీలికను లోపలి లైనింగు గుడ్డ కలుపుతుంది. తీసి పక్కన పెట్టినప్పుడు రెండు అట్టలూ ఒకదానిమీద ఒకటి పడుకుని పుస్తకంలా చదునుగా అయిపోతాయి. నుదుటి చుట్టూ తిరిగే అడ్డపట్టీ ఒకటి, దాని మధ్యనుంచి కొన దాకా లేచే నిలువుపట్టీ ఒకటి ఉంటాయి. వెనక అడుగు అంచునుంచి రెండు పట్టీలు భుజాల మీదికి వేలాడతాయి. కాగితం మైటర్‌కు ఒక్కోటి 5 సెంటీమీటర్ల వెడల్పు, 35 సెంటీమీటర్ల పొడవు చాలు, కింద కుచ్చులు కత్తిరించాలి. నాటకాల్లో చాలామంది వీటిని చెవుల పక్కన అతికిస్తారు. అది తప్పు. రెండూ వెనకే, దగ్గర దగ్గరగా ఉండాలి. వీటి పేరు ఇన్ఫులే. ఒకప్పుడు తలకు కట్టిన గుడ్డకు మిగిలిన చివరలే ఇవి అని చెబుతారు. ఈ మాట పుట్టుకకు వచ్చినప్పుడు ఈ పట్టీలు మళ్లీ పనికొస్తాయి.

ఇక ఆ కాగితం మైటర్‌ను తలమీదే పావు వంతు తిప్పండి. కొనలు ముందూ వెనకా కాకుండా రెండు చెవుల మీదికి వస్తాయి. 12వ శతాబ్దం మొదట్లో బిషప్పులు దాన్ని అలాగే పెట్టుకున్నారు. అంతకుముందు రోములో పోపులు వాడినది చీలిక లేని శంకువు లాంటి తెల్ల టోపీ. 1049లో తొమ్మిదవ లియో పోపు జర్మనీలోని ట్రీర్ ఆర్చిబిషప్పు ఎబర్‌హార్డ్‌కు రోము మైటర్ ధరించే హక్కు ఇచ్చాడు. రోము బయటి బిషప్పులకు ఇది దక్కిన తొలి దాఖలాల్లో అదొకటి. తర్వాత ఆ టోపీ నడుమ నొక్కుకుపోయి రెండువైపులా గుబ్బలు లేచాయి, గుబ్బలు కొనలయ్యాయి. 12వ శతాబ్దం గడిచేకొద్దీ ఆ కొనలు పక్కలనుంచి ముందుకూ వెనక్కూ తిరిగాయి.

ఈ తేదీలు తెలిస్తే బొమ్మల్లో కాలదోషం పట్టుకోవచ్చు. సెయింట్ నికొలస్ 4వ శతాబ్దంలో మైరా బిషప్పు. అప్పటికి మైటర్ లేదు. పశ్చిమ దేశాల చిత్రాల్లో ఆయన తలమీద కనిపించేది చిత్రకారుడి కాలపు మైటర్. అందుకే పాఠంలో ‘నికొలస్ ధరించిన మైటర్’ అని కాకుండా ‘చిత్రాల్లో నికొలస్‌కు పెట్టే మైటర్’ అని రాయాలి. 1831లో స్కాట్లండ్‌లోని లూయిస్ దీవిలో వాల్రస్ దంతంతో చెక్కిన చదరంగం పావులు దొరికాయి. వాటిలో బిషప్పులున్నారు, తలల మీద మైటర్లున్నాయి. కొనలు ముందూ వెనకా ఉండటం ఆ పావుల కాలం లెక్కగట్టడానికి ఒక ఆధారమైంది. ఇప్పటి పావుల్లోనూ, మనలో చాలామంది ఒంటె అని పిలిచే పావు తలమీద ఏటవాలుగా ఒక గాటు ఉంటుంది. అది మైటర్ చీలికే.

ఎవరు, ఎప్పుడు పెట్టుకుంటారు

కతోలిక సభలో పీఠాధిపతులు (అంటే బిషప్పులు), కొందరు మఠాధిపతులు ధరిస్తారు. మామూలు గురువు (ఫాదర్) ధరించరు. పీఠాధిపతి అభిషేకంలో తలకు పరిశుద్ధ తైలం పూశాక ఉంగరం, మైటర్, దండం ఆ వరసలోనే ఇస్తారు. వార్త రాసేటప్పుడు ఈ వరస తారుమారు కాకుండా చూడండి.

పూజ జరుగుతున్నప్పుడు ఫొటోకు శీర్షిక రాసేవాళ్లు ఎక్కువగా పొరబడేది మైటర్ ఎప్పుడు ఉంటుంది, ఎప్పుడు ఉండదు అన్న దగ్గర. పీఠాధిపతి కూర్చున్నప్పుడు, ప్రసంగిస్తున్నప్పుడు, ఊరేగింపులో నడుస్తున్నప్పుడు, ఘనమైన దీవెన ఇస్తున్నప్పుడు, దివ్యసంస్కారాలు జరుపుతున్నప్పుడు పెట్టుకుంటారు. ఆరంభ ప్రార్థనలో, సువిశేషం (సువార్త) చదువుతున్నంతసేపూ, విశ్వాసుల ప్రార్థనలో, దివ్యబలిపూజలోని ప్రధాన ప్రార్థన అంతటా తీసేస్తారు. దివ్యసత్ప్రసాదం ఆరాధనకు ఉంచినప్పుడూ ఉండదు. అంటే దేవుడితో మాట్లాడేటప్పుడు తీస్తారు, ప్రజలతో మాట్లాడేటప్పుడు పెడతారు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలావరకు జాబితా అక్కర్లేదు. తీసిన మైటర్‌ను పట్టుకునే సహాయకుడు ఒట్టి చేతులతో తాకడు. భుజాల మీదుగా కప్పుకున్న పలుచని శాలువా చివరలతో పట్టుకుంటాడు. ఆ శాలువా పేరు విమ్పా.

సంప్రదాయంగా రకాలు మూడు: ఏ అలంకారమూ లేని తెల్లది, బంగారు జరీ గుడ్డతో చేసినది, రాళ్లూ బుటేదారీ పనీ ఉన్నది. గుడ్ ఫ్రైడే నాడు, అంత్యక్రియల్లో, పలువురు పీఠాధిపతులు కలిసి పూజ చేసినప్పుడు ప్రధానార్చకుడు కాని మిగతావాళ్లకు తెల్లది. ఆ రోజు పూజావస్త్రాలు ఆకుపచ్చవైతే మైటర్ కూడా ఆకుపచ్చగా ఉండాలన్న నియమమేమీ లేదు.

దీంతో కలగలిపేసే వస్తువులు మరో మూడు ఉన్నాయి. మైటర్ కింద నడినెత్తిన అంటుకుని ఉండే గుండ్రటి చిన్న టోపీ జుకెట్టో. పీఠాధిపతులకు ఊదా, కార్డినళ్లకు ఎరుపు, పోపుకు తెలుపు. నాలుగు మూలల చదరపు టోపీ బిరెట్టా. 2022 ఆగస్టు 27న హైదరాబాదు ఆర్చిబిషప్పు పూల అంతోని గారిని కార్డినల్ చేసినప్పుడు ఫ్రాన్సిస్ పోపు ఆయన తలమీద పెట్టింది ఎర్ర బిరెట్టా, మైటర్ కాదు. మూడోది టయారా, పోపుల మూడంచెల కిరీటం. 1963లో పట్టాభిషేకానికి దాన్ని ధరించిన ఆరవ పౌలు పోపు మరుసటి ఏడు నవంబరులో సెయింట్ పీటర్స్ బలిపీఠం మీద పెట్టి వదిలేశారు. ఆ తర్వాత ఏ పోపూ పట్టాభిషేకం చేయించుకోలేదు. 2005లో పదహారవ బెనెడిక్ట్ తన రాజముద్రలో కూడా టయారా తీసేసి మైటర్ పెట్టించారు. కాబట్టి ఇవాళ్టి పోపు ఫొటో కింద ‘పోపు కిరీటం’ అని రాయడం పొరపాటు.

కిరీటం అన్న మాటే ఇక్కడ ఇబ్బంది. మనకు కిరీటం అంటే రాజు, రాజ్యం. మైటర్ గుడ్డతో చేసిన, మడత పడే, పూజ మధ్యలో పదిసార్లు తీసి పెట్టే వస్తువు. టోపీ అంటే మరీ తేలికైపోతుంది. మా సూచన ఇది: మొదటిసారి ‘పీఠాధిపతులు పూజలో ధరించే రెండు కొనల మకుటం, మైటర్’ అని రాయండి, తర్వాతినుంచి ‘మైటర్’ చాలు. చర్చిలో మనవాళ్లు మాటల్లో కిరీటం అంటూనే ఉంటారు. సంభాషణ రాస్తున్నప్పుడు దాన్ని దిద్దక్కర్లేదు.

తూర్పు ఆర్థడాక్స్ సభల మైటర్‌కు మాత్రం ‘కిరీటం’ అన్న మాట సరిపోతుంది. అది గుమ్మటం ఆకారంలో, చీలిక లేకుండా, రాజకిరీటంలాగే ఉంటుంది. ఒకే పేరుతో పూర్తిగా వేరే ఆకారం. ఫొటో చూడకుండా వర్ణించకండి.

ఆంగ్లికన్ సభలో (ఇంగ్లండు చర్చిలో) మత సంస్కరణ తర్వాత మైటర్ వాడకం పోయింది. 1885లో లింకన్ బిషప్పు అయిన ఎడ్వర్డ్ కింగ్ దాన్ని తిరిగి ధరించినవాళ్లలో మొదటివాడని చెబుతారు. 17, 18 శతాబ్దాల ఆంగ్లికన్ బిషప్పు గురించి ‘మైటర్ దక్కింది’ అని ఇంగ్లీషులో కనిపిస్తే అక్కడ టోపీ లేదు, పదవి ఉంది. ‘బిషప్పు అయ్యాడు’ అని రాయాలి.

అహరోను తలమీది పాగా

1611 నాటి ఇంగ్లీషు బైబిలు నిర్గమకాండం 28వ అధ్యాయంలో ప్రధాన యాజకుడి తలకట్టును మైటర్ అంది. హీబ్రూలో ఉన్న మాట మిత్స్‌నెఫెత్. చుట్టడం అన్న అర్థమున్న ధాతువు నుంచి పుట్టింది. అంటే చుట్టిన గుడ్డ. హీబ్రూ లేఖనాలను గ్రీకులోకి తెచ్చినవాళ్లు దానికి ‘మిత్ర’ అని కొన్నిచోట్ల పెట్టారు, ఆ దారిన లాటిన్‌లోకి, తర్వాత ఇంగ్లీషులోకి వచ్చింది. మన తెలుగు బైబిలు ఇక్కడ నేరుగా ‘పాగా’ అంది. చక్కటి మాట. సాధారణ యాజకుల టోపీలకు అదే అధ్యాయంలో ‘కుల్లాయిలు’ అని వేరుగా పెట్టింది. ఆ తేడా హీబ్రూలోనూ ఉంది.

కాబట్టి ఇంగ్లీషు వ్యాఖ్యానంలో ‘అహరోను మైటర్’ అని ఉంటే తెలుగులో పాగా అనే రాయండి. మైటర్ అని ఉంచేస్తే చదివేవాడి కళ్లకు రెండు కొనల బిషప్పు మకుటం కనిపిస్తుంది, అది అహరోను కాలానికి వేల ఏళ్ల తర్వాతిది. హీబ్రూ మాటకు చుట్టమైన ఒక మాట సిరియన్ క్రైస్తవుల ప్రాచీన భాష సిరియాక్‌లో ఈనాటికీ బతికి ఉంది. సిరియన్ ఆర్థడాక్స్ బిషప్పులు, మన పక్కన కేరళలో కూడా, తలను కప్పి మెడ వెనక్కు జారే ముసుగు లాంటిది ధరిస్తారు. దాని పేరు మస్నఫ్తో. దాన్నీ ఇంగ్లీషు వార్తల్లో మైటర్ అనేస్తారు. తెలుగులో మీరు ముసుగు అని రాస్తేనే నిజానికి దగ్గర.

మాట ఎక్కడినుంచి వచ్చింది

పుట్టుక వెతికేటప్పుడు వెనకనుంచి ముందుకు రావాలి. గ్రీకులో ‘మిత్ర’ మొదట తలది కాదు. హోమర్ కావ్యం ఇలియడ్ నాలుగో కాండలో ట్రాయ్ పక్షపు విలుకాడు పాండరస్ వేసిన బాణం గ్రీకు రాజు మెనెలాస్‌ను తాకుతుంది. నడికట్టును చీల్చి, కవచాన్ని చీల్చి, ఆ కింద కంచరివాళ్లు చేసిన ‘మిత్ర’ను కూడా దాటి, ఒంటిని గీరి ఆగుతుంది. అంటే నడుం దగ్గర ఒంటికి కట్టుకునే లోహపు పట్టా. తర్వాతి గ్రీకులో అది నడికట్టు, ఆడవాళ్ల తలకు కట్టే పట్టీ, పోటీలో గెలిచినవాడి నుదుటికి కట్టే పట్టీ, ఆసియా మైనరు (ఇప్పటి టర్కీ) వాళ్ల తలపాగా. ఇన్ని అర్థాల్లోనూ పోనిది ఒక్కటే, కట్టడం. మైటర్ వెనక వేలాడే ఆ రెండు పట్టీలు గుర్తుకు తెచ్చేదీ అదే.

లాటిన్‌వాళ్లకు ‘మిత్ర’ అంటే ఆసియా మైనరులోని ఫ్రిజియా, లిడియా వైపు వాళ్లు గడ్డం కింద ముడివేసుకునే టోపీ. రోమన్ కవి వర్జిల్ కావ్యంలో ఆఫ్రికా రాజు ఇయార్బాస్ ట్రాయ్ వీరుడు ఈనియాస్‌ను తిట్టేటప్పుడు ఆ టోపీని ఎత్తిచూపుతాడు, అది మగతనం కాదన్నట్టు. తిట్టుకు వాడిన మాటే కొన్ని వందల ఏళ్లకు బిషప్పుల గౌరవచిహ్నమైంది. పాత ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దం చివరికి ఇంగ్లీషు చేరింది. బంగారు జరీ మైటర్‌కున్న లాటిన్ పేరులోనూ ఫ్రిజియా దాగి ఉంది, ఎందుకంటే బంగారు దారంతో చేసే బుటేదారీ పనికి రోమనులు ఫ్రిజియన్ల పేరే పెట్టారు.

మతద్రోహులని ముద్రవేసి 1415లో కాన్‌స్టాన్స్‌లో చెక్ మతసంస్కర్త యాన్ హుస్‌ను, 1431లో రువాన్‌లో ఫ్రెంచి వీరవనిత జోన్ ఆఫ్ ఆర్క్‌ను కాల్చేముందు తలమీద కాగితపు టోపీ పెట్టి దానిమీద నేరాలు రాశారు. పుస్తకాల్లో దాన్నీ మైటర్ అంటారు. అక్కడ ‘కాగితపు టోపీ’ అనే రాయాలి. మకుటం అంటే అవమానం కాస్తా సన్మానం అయిపోతుంది.

తెలుగువాళ్లకు ఇక్కడ రెండు ఉచ్చులు ఉన్నాయి. ఒకటి సంస్కృతం మిత్ర. స్నేహితుడు, సూర్యుడు అనే మిత్ర శబ్దానికీ గ్రీకు ‘మిత్ర’కూ కట్టడం అన్న అర్థమున్న ఒకే ప్రాచీన ధాతువు ఉందని కొందరు భాషావేత్తలు అంటారు. గ్రీకు మాట మరో భాషనుంచి అరువు వచ్చిందని మరికొందరి వాదన. తగువు తేలలేదు. అందుకని ‘మైటర్ సంస్కృతంలోని మిత్ర నుంచి వచ్చింది’ అని రాయడం తప్పు. మహా అయితే ‘దూరపు చుట్టరికం ఉండొచ్చని ఒక ప్రతిపాదన’ అనొచ్చు.

రెండో ఉచ్చు మన చర్చి తెలుగులోనే ఉంది. పీఠాధిపతిని మనవాళ్లు మేత్రాణులు అంటారు, ఆయన పరిధిని గుంటూరు మేత్రాసనం, నెల్లూరు మేత్రాసనం అంటారు. మైటర్ పెట్టుకుంటారు కాబట్టి మేత్రాణులు అయ్యారనుకోవడం సహజం. కానీ సంబంధం లేదు. ఇది మలయాళంలో మెత్రాన్, తమిళంలో మేట్రిరాణియార్, సిరియాక్‌లో మిత్రాన్‌గా ఉన్న మాట. మూలం గ్రీకులో మహానగరపు బిషప్పు అన్న అర్థమున్న ‘మెట్రోపొలిటన్’. ఆ లెక్కన మేత్రాణి మెట్రో రైలుకు చుట్టం గానీ మైటర్‌కు కాదు.

వడ్రంగి మైటర్

రెండు పట్టీలను ఒక్కోటి 45 డిగ్రీలకు కోసి కలిపితే వచ్చే మూలను మైటర్ అంటారు. 17వ శతాబ్దం నుంచి ఈ వాడుక ఉంది. రెండు వాలులు కొన దగ్గర కలిసే తీరు బిషప్పు మైటర్‌ను పోలి ఉండటమే కారణం కావచ్చని నిఘంటువులు చెబుతాయి. తెలుగులో ‘ఏటవాలు మూల అతుకు’ అని ఒకసారి చెప్పి, పనివాళ్లు వాడే ‘మైటర్’ అన్న మాటనే కొనసాగించడం మంచిది. యంత్రం వాడే మనిషికి ఆ పేరుతోనే సామాను దొరుకుతుంది.

ఈ అర్థం చేతికి అందాలంటే ఒక ఫొటో ఫ్రేము చేయాలి. ఫొటో 8×10 అంగుళాలు, చెక్క పట్టీ వెడల్పు 1 అంగుళం, లోపలివైపు ఫొటో కూర్చునే గాడి పావు అంగుళం అనుకుందాం. బయటి అంచు కొలత ఇలా వస్తుంది: ఫొటో పొడవుకు రెండువైపులా ముప్పావు అంగుళం చొప్పున ఒకటిన్నర కలపాలి. పొడవు పట్టీలు రెండు 11½, పొట్టి పట్టీలు రెండు 9½. ఫొటో బిగుసుకోకుండా ఒక్కోదానికి ⅛ అంగుళం అదనం వేయండి. రంపం తినేది, చివర వృథా పోయేది కలిపి 4 అడుగుల పట్టీ సరిపోతుంది. కొలత ఎప్పుడూ బయటి అంచున, కొన నుంచి కొనకు తీయాలి. లోపలి అంచున కొలిచి కోసేవాళ్ల ఫ్రేము రెండు అంగుళాలు పెద్దదై వస్తుంది.

అసలు పట్టీ కోయకముందు రెండు పనికిరాని ముక్కలు కోసి కలిపి, మూలమట్టం ఆనించి చూడండి. మూల 91 డిగ్రీలు వస్తే రంపం 44.5 దగ్గర ఉంది, 89 వస్తే 45.5 దగ్గర. ఈ అర డిగ్రీ చిన్నదనిపిస్తుంది. నాలుగు మూలలకు ఎనిమిది కోతలు, ఎనిమిది అర డిగ్రీలు కలిసి నాలుగు డిగ్రీలు. మొదటి మూడు మూలలూ గట్టిగా మూసుకుంటాయి, నాలుగో మూల దగ్గర గోరు దూరేంత సందు నవ్వుతుంటుంది. ఆ సందు బయటి కొన దగ్గర తెరుచుకుంటే కోత 45 కంటే తక్కువ, లోపలి మూల దగ్గర తెరుచుకుంటే ఎక్కువ. నాలుగో మూలను ఒక్కదాన్నే గీకి సరిచేయబోవద్దు, ఎనిమిది కోతలూ సరిదిద్దాలి. ఎదురెదురు పట్టీలు వెంట్రుకవాసి తేడా లేకుండా సమానంగా ఉండాలి. రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి చివరల మీద వేలు జరిపితే తేడా తెలిసిపోతుంది.

జిగురు విషయంలో ఇంకో సంగతి. కోసిన చివర జిగురును పీల్చేసుకుంటుంది. పలుచగా ఒక పూత పూసి, అయిదు నిమిషాలు ఆగి, రెండో పూత పూసి బిగించాలి. ఒక్క పూతతో బిగిస్తే ఎండాక పట్టు ఉండదు. సన్న మేకులో, మూలకు అడ్డంగా దూర్చే పలుచని చెక్కబిళ్లో తోడివ్వండి. మన దగ్గర వానాకాలంలో తేమ పట్టిన చెక్కతో చేసిన ఫ్రేము ఎండాకాలానికి లోపలి మూలల్లో నోరు తెరుస్తుంది. చెక్క వెడల్పులో కుంచించుకుపోతుంది, పొడవులో దాదాపు మారదు, అందుకే 45 డిగ్రీల కొన సన్నబడుతుంది. బాగా ఆరిన కర్ర వాడటమే దీనికి మందు.

నాలుగు మూలలు కాకపోతే రంపం కోణం 180ని భుజాల సంఖ్యతో భాగిస్తే వస్తుంది. ఆరు భుజాలకు 30, ఎనిమిదికి 22.5, మూడుకు 60.

టైలరింగులోనూ ఇదే మాట, ఇదే ఆలోచన. టేబుల్ క్లాత్ మూలలో రెండు మడతలు కలిసేచోట గుడ్డ నాలుగు పొరలై ఉబ్బకుండా ఏటవాలుగా మడుస్తారు. ముందు 1 సెంటీమీటరు, తర్వాత 2.5 సెంటీమీటర్ల మడతలు ఇస్త్రీతో గట్టిగా ముద్రవేయండి. విప్పి, లోపలి గీతలు రెండూ కలిసే బిందువు మీదుగా మూలను ఏటవాలుగా మడవండి. అర సెంటీమీటరు వదిలి కొన కత్తిరించండి. మళ్లీ మడతలు వేస్తే వాలు అంచులు రెండూ కలిసి ఒకే గీతగా కూర్చుంటాయి. ఇస్త్రీ వేయకుండా చేతి అంచనాతో మడిస్తే ఆ గీత వంకర పోతుంది.

గుండెలో మైటర్

ఎడమ కర్ణిక నుంచి ఎడమ జఠరికకు రక్తం పోయే దారిలో రెండు రేకుల కవాటం ఉంటుంది. 16వ శతాబ్దంలో శరీర నిర్మాణాన్ని బొమ్మలు గీసి వివరించిన వెసాలియస్ దాన్ని బిషప్పు మైటర్‌తో పోల్చాడు. ముందొక రేకు, వెనకొక రేకు, మధ్యలో చీలిక. పైన చెప్పిన కాగితం మైటర్‌ను తలకిందులుగా పట్టుకుని చూస్తే ఆయన కంటికి ఏం కనిపించిందో తెలుస్తుంది. మన పాఠ్యపుస్తకాల్లో దీని పేరు అగ్రద్వయ కవాటం. పిల్లలకు పాఠం రాస్తే ఆ పేరే వాడండి. రోగికి, ఇంటివాళ్లకు రాసేటప్పుడు మాత్రం ‘మైట్రల్ వాల్వ్’ అనే ఉంచాలి, ఎందుకంటే వాళ్ల చేతిలోని రిపోర్టులో అదే ఉంటుంది. స్టెనోసిస్ అంటే దారి ఇరుకవడం. మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉండే ఆ దారి 1.5 కంటే తగ్గితే తీవ్రమైనదిగా లెక్క. చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరం దీనికి పెద్ద కారణం. రిగర్జిటేషన్ అంటే రక్తం వెనక్కు కారడం. ఈ రెండింటినీ ‘వాల్వు పాడైంది’ అని ఒకే ముక్కలో చెప్పకండి, చికిత్స వేరు.

పేర్లైతే

అర్జెంటీనాను 1862 నుంచి 1868 వరకు పాలించిన అధ్యక్షుడు బర్తొలొమె మీత్రే. స్పానిష్ పేరు కనుక అక్కడ మైటర్ అని రాయకూడదు. బెంగాలీ ఇంటిపేరు మిత్ర మన సంస్కృత మిత్రే. 1958లో ఏర్పడిన అమెరికా పరిశోధన సంస్థ మైటర్ పేరు పొడి అక్షరాల కూర్పు కాదని ఆ సంస్థే చెబుతుంది, కాబట్టి అక్షరం అక్షరం విడదీసి ‘ఎం.ఐ.టి.ఆర్.ఇ.’ అని రాయొద్దు. సముద్రపు గవ్వల పుస్తకంలో ‘మిత్ర మిత్ర’ అని జంటగా కనిపిస్తే కంగారుపడక్కర్లేదు. తెల్లటి ఒంటిమీద నారింజ మచ్చలతో, మైటర్‌లా కొనదేలి ఉండే శంఖపు జాతికి అది శాస్త్రీయ నామం. అలాగే ఉంచి, పక్కన ‘మైటర్ శంఖం’ అని రాస్తే చాలు.